వంశధార

మా యూరు శ్రీకాకుళము జిల్లాలో, వంశధారానది యొడ్డున నున్నది. ఒడిశా కొండలలో బుట్టిన యా నది మా పొలముల ప్రక్కగా బ్రవహించి, కళింగపట్నముకడ సముద్రమున గలియును. చిన్నతనమున నేను బడికి బోవు త్రోవ ఆ నదిగట్టు మీదుగనే యుండెడిది. వంశధార యను పేరును నేను వేయిసార్లు పలికియుందును. ఉపాధ్యాయుడనైన పిమ్మట విద్యార్థులచేతను పలికించియుందును. కాని ఆ పేరులోని యర్థమును గూర్చి నిలిచి యాలోచించినది, ఉద్యోగమునుండి విరమించిన తరువాతనే. అట్లాలోచింపజేసిన సంగతిని మీకు జెప్పెదను.

మా తాతగారు వ్రాసిన వంశవృక్ష మొకటి మా కుటుంబమున గలదు. పెద్ద కాగితముమీద మఱ్ఱిచెట్టు బొమ్మ గీచి, మొదట మూలపురుషుని పేరు, కొమ్మలమీద కుమారుల పేర్లు, రెమ్మలమీద మనుమల పేర్లు వారు వ్రాసిరి. ఏడు తరముల పేర్లందు గలవు. ఆ పటము మా పెదతండ్రి కుమారుడగు అన్నగారి యింట గోడకు వ్రేలాడుచుండెను. పండుగకు బంధువులు చేరినప్పుడు పిల్లలు దాని ముందు నిలిచి తమ పేర్లు వెదకికొనెడివారు. మగపిల్లలకు పేరు దొరకెడిది. ఆడపిల్లలకు దొరకెడిది కాదు. మా కుమార్తె యెనిమిదేండ్ల ప్రాయమున, "నాన్నగారూ, నేనీ చెట్టున లేనా?" అని యడిగెను. "ఆడపిల్లలు అత్తవారి చెట్టున నుందురమ్మా" అని బదులు చెప్పితిని. అత్తవారి చెట్లలోను ఆడపిల్లల పేర్లుండవని నాకు దెలియకపోలేదు. అడిగినవారి నోరు మూయించుటకు చెప్పెడి బదుళ్లలో నదియొకటి.

పూర్వుల పేర్లను నిలుపుకొనుటకు మన పెద్దలు పెక్కు మార్గము లేర్పరచిరి. పితృకార్యములందు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పి తిలోదకములు విడుతురు. ఊరూర దిరిగి వంశముల చరిత్రలను పాడి వినిపించెడి వంశరాజులు మన తెలుగునాట గలరు. గయలోను, హరిద్వారములోను పండాలు తమయొద్దకు వచ్చిన యాత్రికుల పేర్లను తరతరములుగా పుస్తకములలో వ్రాసి యుంచుచున్నారు. ఇవన్నియు మనుష్యుని జ్ఞప్తిపైనను, వ్రాతపైనను ఆధారపడినవి. జ్ఞప్తి తప్పిన పేరును, వ్రాయువాడు విడిచిన పేరును పోవును. అయితే వ్రాయువాని యిష్టానిష్టములతో బనిలేని వ్రాత యొకటి మన శరీరములోనే కలదు. దానిని శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఎ. అందురు.

2019వ సంవత్సరమున నేను అమెరికాలో నున్న మా కుమార్తె యింటికి బోయితిని. మా తండ్రిగారి చెల్లెలు, అనగా మా మేనత్తగారు, అప్పటికే ఆ దేశమున తన కుమారుని యింట నుండిరి. ఆమెకప్పుడు ఎనుబదిమూడేండ్లు. ఒకనాడు మా కుమార్తె మూడు చిన్న పెట్టెలు తెచ్చి, "ఈ గొట్టములో ఉమ్మి పంపినచో, మన బంధువులు ప్రపంచమున నెచ్చటెచ్చట నున్నారో తెలియును. నాన్నగారికంటె అత్తగారి పరీక్ష ముఖ్యము. ఆమె పూర్వులకు ఒక తరము దగ్గరివారు కదా" అని చెప్పెను. మా మేనత్తగారు నవ్వి, "నా బంధువు లెవరో తెలియుటకు ఉమ్మివేయవలెనా? నన్నడుగరాదా?" అనిరి. అయినను పిల్ల మాట కాదనలేక ఆమెయు నంగీకరించిరి.

ఈ పరీక్ష యెట్లు జరుగునో కొంచెము చెప్పవలెను. మన శరీరములోని దాదాపు ప్రతి కణమునందును ఇరువదిమూడు జతల క్రోమోజోములు కలవు. ప్రతి జతలోను ఒకటి తల్లినుండి, ఒకటి తండ్రినుండి వచ్చినది. అయితే తల్లిగాని తండ్రిగాని తమ జతలోని దానిని ఉన్నదున్నట్లుగా బిడ్డకీయరు. రెండు రంగుల త్రాళ్లను అచ్చటచ్చట తెంపి, ఒకదాని ముక్కను మఱియొకదానితో ముడివేసి క్రొత్త త్రాటిని చేసినట్లు, జతలోని రెంటి ముక్కలును గలిసి యొకటియై బిడ్డకు సంక్రమించును. కావున మనకు తల్లిదండ్రులనుండి చెరిసగము, తాత అవ్వలనుండి సుమారు నాల్గవవంతు చొప్పున, వారి తల్లిదండ్రులనుండి సుమారు ఎనిమిదవవంతు చొప్పున వచ్చును. తరతరమునకు ముక్కలు చిన్నవగును; కొన్ని పూర్తిగా జారిపోవును.

పరీక్షాలయమున మనిషికి మనిషికి భేదముండెడి చోట్లను కొన్ని లక్షలు చదివి, పోల్చుట కంగీకరించిన యితరుల వ్రాతతో సరిచూతురు. ఇద్దరిలో నొకే పొడవైన ముక్క కనబడినచో, అది యొకే పూర్వునినుండి ఇద్దరికిని వచ్చినదని గ్రహింతురు. ఆ ముక్కల మొత్తము పొడవును సెంటీమోర్గనులలో చెప్పుదురు. ఈగలమీద పరిశోధనలు జరిపి 1933వ సంవత్సరమున నోబెల్ బహుమానము పొందిన థామస్ హంట్ మోర్గన్ పేరిట నా కొలత యేర్పడినది. ఒకే తాత అవ్వల మనుమలకు సగటున 870 సెంటీమోర్గనుల పోలిక యుండును. ఒకే ముత్తాత ముత్తవ్వల మునిమనుమలకు సగటున 230; ఆపై తరము వారికి 75 వరకు. ఇంకొక తరము దాటినచో, సుమారు సగముమందికి పోలిక యేమియు కనబడదు. కనబడనంతమాత్రమున చుట్టరికము లేదనరాదు; ముక్క జారిపోయినదని మాత్రమే యర్థము.

కొన్ని వారములకు ఫలితములు వచ్చెను. మా మేనత్తగారి పట్టికలో, నా పేరును మా కుమార్తె పేరును విడిచినచో, అన్నిటికంటె పైన నొక క్రొత్త పేరుండెను. ఆమె దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరమున నుండెడి వృద్ధురాలు. నావలెనే ఉపాధ్యాయురాలిగా పనిచేసి విరమించినది. మా మేనత్తగారికిని ఆమెకును నడుమ పోలిక 431 సెంటీమోర్గనులు. నాకును ఆమెకును 207. మా మేనత్తగారితో పోలికయుండుటచేత ఆమె మా తండ్రిగారివైపు బంధువని తేలెను.

ఇంతవరకు బాగుగనే యున్నది. చిక్కంతయు ఆ 431 అను సంఖ్యలో వచ్చెను. ఏ సంఖ్యకు ఏ చుట్టరికమో చూపెడి పట్టిక యొకటి కలదు. మా కుమార్తెయు నేనును దానిని చూచితిమి. ఇంచుమించు ఒకే వయసు గల ఇద్దరికి అంత పోలిక యుండవలెనన్నచో, వారికి తాతగాని అవ్వగాని ఒక్కరు మాత్రమే ఉమ్మడి యని, అనగా ఇద్దరి తల్లిదండ్రులును సవతి సంతానమని ఆ పట్టిక తెలిపెను. మా మేనత్తగారి తాత నాకు ముత్తాత. అట్లయినచో మా ముత్తాతగారికి మేమెరుగని వేఱొక సంసారముండెనా?

నేను తొందరపడితిని. ఆ రాత్రియే మా అన్నగారికి టెలిఫోను చేసి సంగతి చెప్పితిని. అంతటితో నూరకుండక మఱి యిద్దరు బంధువులకును చెప్పితిని. అన్నగారు మండిపడిరి. "ముత్తాతగారు ఊరి పొలిమేర దాటి యెరుగరు. ఆయన మాటకు పది గ్రామములవారు తలయొగ్గిరి. ఎంగిలినీళ్లు చూచి ఎవడో చెప్పినది నమ్మి, చచ్చినవారిమీద నింద వేయుదువా? ఆయన వచ్చి కాదని చెప్పుకొనగలడా?" అనిరి. నాకు బదులు తోచలేదు. రెండునాళ్లలో ఆ మాట మా బంధువులందరి చెవినిబడెను. కొందరు నవ్విరి. కొందరు నమ్మిరి.

ఇంతలో డర్బన్ వృద్ధురాలితో మాకు ఉత్తరప్రత్యుత్తరములు మొదలయ్యెను. ఆమెకు తెలుగు మాటలాడుట రాదు. కొన్ని కూరల పేర్లు, 'అవ్వ', 'తాత' వంటి పిలుపులు మాత్రము మిగిలినవి. తల్లిని గన్న అవ్వ 1902వ సంవత్సరమున భర్తతోగూడ ఓడలో వచ్చినదని ఆమె వ్రాసెను. అవ్వ చనిపోవునప్పటికి ఆమెకు పదియేండ్లు. "అవ్వ యే నదిని చూచినను, మా యేరు ఇంతకంటె పెద్దదని చెప్పెడిది. ఆ యేరు పేరేమో మేమెవరమును అడుగలేదు" అని యామె వ్రాసిన వాక్యమును నేను పలుమారులు చదివితిని.

విద్యార్థులారా! నాటల్ అనునది దక్షిణాఫ్రికాలో ఆంగ్లేయుల వలసరాజ్యము. అచ్చటి చెఱకుతోటలకు పనివాండ్రు కావలసియుండిరి. 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన మద్రాసునుండి వెడలిన ట్రూరో అను ఓడ మొదటి కూలీలతో డర్బన్ చేరెను. 1911వ సంవత్సరమువరకు అట్లు పోయినవారు ఒక లక్షా యేబదిరెండువేల మందికి పైబడిరి. గంజాం, విశాఖపట్టణము, గోదావరి జిల్లాల తెలుగువారు వారిలో పలువురు గలరు. ఐదేండ్లు ఒకే యజమానియొద్ద పనిచేయుదునని వేలిముద్రవేసి పోవలెను. గడువు తీరిన పిదప స్వతంత్రముగా నచ్చట నుండగోరినవారిపై, 1895వ సంవత్సరపు శాసనముచేత ఏటికి మూడు పౌనుల పన్ను విధించిరి. గాంధీమహాత్ముడు 1913వ సంవత్సరమున నడపిన సత్యాగ్రహమునకు ఆ పన్ను ముఖ్యకారణములలో నొకటి. మరుసటి యేడు అది రద్దయ్యెను. ఇన్ని కష్టములలోను అచ్చటి తెలుగువారు తమ పండుగలను, పాటలను విడువలేదు. 1931వ సంవత్సరమున వారు దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి.

మా ముత్తాతగారిపై నింద సాగుచుండగా, నేను మా మేనత్తగారికి మాత్రము ఏమియు చెప్పక దాచితిని. ఆమె మనసు నొచ్చునని నా భయము. కాని ఇంట గుసగుసలు ఆమె చెవిని బడినవి. ఒకనాటి సాయంకాలము నన్ను పిలిచి, "నాయనా, నా తాతను గూర్చి యేమో యనుకొనుచున్నారట. నాకును చెప్పుము" అనిరి. నేను సిగ్గుపడుచు అంతయు చెప్పితిని. ఆమె పట్టికను చేతిలోనికి దీసికొని, కొంతసేపు చూచి, యొక ప్రశ్న వేసిరి.

"దీనిని వ్రాసినవారికి మేనరికము తెలియునా?"

నాకు మొదట అర్థము కాలేదు. ఆమె వ్రేళ్లు మడచుచు చెప్పసాగిరి. "మా నాన్న యెవరు? మీ ముత్తాత కొడుకు. మా అమ్మ యెవరు? మీ ముత్తాత అక్క కూతురు. మా నాన్న తన మేనత్త కూతురినే పెండ్లాడెను. నాకు నాన్నవైపు పైకి పోయినను, అమ్మవైపు పైకి పోయినను, చేరునది ఆ ముసలివాండ్రిద్దరి యొద్దకే కదా. ఒకే చెఱువునీరు రెండు కాలువలలో మా మడికి వచ్చినప్పుడు, నీరు రెట్టింపు గాక యేమగును?"

నేను నిర్ఘాంతపోయితిని. ముప్పది సంవత్సరములకు పైగా లెక్కలు చెప్పినవాడను; ఈ లెక్క నాకు తట్టలేదు. ఆ పట్టిక మేనరికములు లేని కుటుంబముల కొఱకు ఏర్పడినది. దగ్గరి బంధువుల నడుమ తరతరములుగా పెండ్లిండ్లు జరిగిన చోట, పూర్వుల వ్రాత రెండుమూడు త్రోవలలో వచ్చి చేరును. దూరపు చుట్టరికము దగ్గరిదానివలె కనబడును. 431ని సగము చేసినచో 215. అది ఒకే ముత్తాత ముత్తవ్వల మునిమనుమల నడుమ నుండదగిన సంఖ్య. మా ముత్తాతగారు నిర్దోషి. డర్బన్ వృద్ధురాలి అవ్వ ఆయనకు తోబుట్టువై యుండవలెను.

"కాని అత్తా, ముత్తాతగారికి అక్క యొక్కతెయే కదా" అంటిని.

ఆమె కొంతసేపు మాటలాడలేదు. తరువాత మెల్లగా, "ఒక చెల్లెలుండెడిది. పదునారేండ్లకే భర్త పోయినాడట. వంశధార వరదలో కొట్టుకొనిపోయినదని చెప్పుకొనెడివారు. ఇంట నామె పేరెత్తకూడదు" అనిరి. మఱికొంత తడవునకు ఇట్లనిరి: "పోలిపాడ్యమినాడు తెల్లవారకముందు మేమందరము అరటిదొప్పలలో దీపములు పెట్టి యేటిలో విడిచెడివారము. మా నాయనమ్మ ఎప్పుడును రెండు దొప్పలు విడిచెడిది. రెండవది యెవరికని నేనడిగితిని. 'నీళ్లు దాటినదానికి' అని చెప్పినది. చచ్చినదానికని నేననుకొంటిని. నాయనమ్మకు తెలియును కాబోలు. వదిన కదా. పోవునప్పుడు ఆమెతో చెప్పియే పోయినదేమో."

అయినను ఇది యూహ. ఒకసారి యూహను నమ్మి మా ముత్తాతగారికి అపకారము చేసితిని. రెండవసారి అట్లు చేయదలపలేదు. సాక్ష్యము కావలెను. నాటల్ చేరిన ప్రతి కూలీకిని ప్రభుత్వమువారొక సంఖ్య నిచ్చి, ఓడపట్టికలో పేరు, తండ్రిపేరు, వయస్సు, జిల్లా, తాలూకా, గ్రామము, శరీరముమీది గుర్తులు వ్రాసికొనిరి. ఆ పట్టికల నకళ్లు నేడు డర్బన్‌లోని గాంధీ-లుతులి పత్రాగారమున గలవు. ఆ వృద్ధురాలి యింట పాత కాగితములలో అవ్వ సంఖ్య యుండెను. దానినిబట్టి ఆమె ఓడపట్టికలోని పుట సంపాదించి మాకు నకలు పంపెను.

అందులో జిల్లా గంజాం అనియు, తాలూకా చికాకోల్ అనియు నుండెను. గంజాం జిల్లా నేడు ఒడిశాలో నున్నది. ఆ వృద్ధురాలి బంధువులు కొందరు ఆ జిల్లాలో వెదకి, అట్టి గ్రామము లేదని విడిచిరట. చికాకోల్ అనగా శ్రీకాకుళమే. ఆ కాలమున శ్రీకాకుళము తాలూకా గంజాం జిల్లాలోనిది. 1936వ సంవత్సరమున ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు అది విశాఖపట్టణము జిల్లాలో చేరెను; 1950వ సంవత్సరమున శ్రీకాకుళము జిల్లా యేర్పడెను. గ్రామము కదలలేదు, దాని చుట్టు గీతలు మాత్రము మారినవి. ఆంగ్లలేఖకుడు వ్రాసిన గ్రామము పేరును పెదవులతో రెండుమూడు విధముల పలికి చూచితిని. అది మా యూరే. తండ్రి పేరు మా తాతగారి పితృకార్యముల పుస్తకములో నున్న పేరే. వయస్సు ఇరువది. వెంట వచ్చిన భర్త లేడు. బంధువులెవరును లేరు.

ఇచ్చట మఱియొక చిక్కు. కంప్యూటరులలో అందరును జూడగల ఉమ్మడి వంశవృక్షములు నేడు కలవు. డర్బన్ కుటుంబముయొక్క వృక్షము అట్టివానిలో ఐదింట గలదు. ఐదింటిలోను అవ్వ భర్తతోగూడ వచ్చినదనియే యుండెను. పరికించి చూడగా, మొదట నొకరు వ్రాసినదానిని తక్కిన నలుగురును ఎత్తి వ్రాసికొనినట్లు తేలెను. ఐదు ప్రతులు ఐదుగురు సాక్షులు కారు. భర్త సంఖ్యను బట్టి చూచినచో, ఆయన మూడేండ్లు ముందుగా వేఱొక ఓడలో వచ్చెను. వారిద్దరును ఆ దేశముననే కలిసికొని యుందురు.

కావున మా యింటివారొక కథ కల్పించిరి. వారి యింటివారింకొక కథ కల్పించిరి. వరదలో మునిగినదని ఇచ్చట. భర్తవెంట వచ్చినదని అచ్చట. వితంతువైన ఇరువదియేండ్ల పిల్ల ఒంటరిగా సముద్రము దాటినదను నిజము ఇరువురికిని అక్కరలేకపోయెను. 1881వ సంవత్సరమున వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిరి. ఇరువదియేండ్లు గడచినను ఆ గాలి మా యూరికి రాలేదు. ఆ పిల్లకు ఇంటిలోని చీకటిగది యొక త్రోవ, ఓడ యొక త్రోవ. ఆమె ఓడను ఎన్నుకొనెను.

ఈ నిజమును డర్బన్ వృద్ధురాలికి చెప్పుటెట్లు? నకలు పంపినది ఆమెయే. కాని చెరిగిన యక్షరములు చదువలేక, చదివి చెప్పుమని నన్ను కోరియుండెను. ఎనుబదియేండ్లకు సమీపించిన ఆమె, చిన్ననాటినుండి నమ్మిన మాటను ఒక్క ఉత్తరముతో చెరిపివేయవచ్చునా? నేను మా మేనత్తగారి నడిగితిని. "అబద్ధమాడవద్దు. అట్లని ఆమె యడుగకముందే నెత్తిన కుమ్మరింపవద్దు" అని ఆమె చెప్పిరి. ఆ ప్రకారమే, "మీరు వినియున్నదానికి భిన్నమైన సంగతి యొకటి ఈ పుటలో గలదు. దానిని తెలిసికొనగోరుదురా?" అని వ్రాసితిని. పదునొకండు దినములు బదులు రాలేదు. పండ్రెండవనాడు "చెప్పుము" అని యొక్క మాట వచ్చెను. చెప్పితిని. ఆమె మరల నిట్లు వ్రాసెను: "మా అవ్వ మగవానివెంట వచ్చినదని విని యిన్నాళ్లు గౌరవించితిని. ఒంటరిగా వచ్చినదని విని యిప్పుడింకను గౌరవించుచున్నాను."

శాస్త్రజ్ఞుల లెక్కలో మా మేనత్తగారికి ఆమె యేమగునో నేను వివరింపబోగా, మా మేనత్తగారు చేయెత్తి వారించిరి. "మా అమ్మకు పినతల్లి కూతురు నాకు పిన్ని. పిన్ని కూతురు నాకు చెల్లెలు. దీనికి ఇంత లెక్కయేల?" అనిరి. నాటినుండి టెలిఫోనులో ఆమెను 'చెల్లీ' యనియే పిలిచిరి. ఆమెయు 'అక్కా' యనుట నేర్చుకొనెను. ఒకరి భాష ఒకరికి రాకున్నను ఇరువురును చాలసేపు మాటలాడుకొనెడివారు.

స్వదేశమునకు వచ్చినతోడనే నేను అన్నగారి యింటికి బోయి, ముత్తాతగారి విషయమున నేను చేసిన తప్పును ఒప్పుకొంటిని. అపవాదు విన్నవారందరికిని స్వయముగా పోయి నిజము చెప్పితిని. ఒకరిద్దరు మాత్రము మొదట విన్నదానినే నమ్ముటకు ఇష్టపడిరి. నోటినుండి జారిన మాటను పూర్తిగా వెనుకకు దీసికొనుట యెవరితరమును గాదని అప్పుడు తెలిసెను. ఓడపట్టికను అన్నగారిముందు పెట్టితిని. తండ్రిపేరున్న చోట వ్రేలుంచి ఆయన చాలసేపు చూచిరి. "ఈమె పేరు చెట్టుమీద వ్రాసినచో, ఎందుకు పోయినదని పిల్లలడుగుదురు" అనిరి. "అడుగనిండు" అంటిని. ఆయన బదులు చెప్పలేదు.

మూడేండ్లకు పైగా గడచెను. 2023వ సంవత్సరమున డర్బన్ వృద్ధురాలి మనుమరాలు మా యూరికి వచ్చెను. అవ్వ రాలేకపోయెను. అప్పటికి మా మేనత్తగారును స్వదేశము చేరియుండిరి. పోలిపాడ్యమినాడు తెల్లవారకముందు అందరము ఏటియొడ్డునకు బోయితిమి. మా మేనత్తగారు రెండు దొప్పలలో వత్తులు వెలిగించి, ఒకటి తాము విడిచి, రెండవది ఆ పిల్ల చేతికిచ్చిరి. "ఇది మా నాయనమ్మ విడిచెడిది. ఇక నీవు విడువుము" అనిరి. ఆ పిల్లకు మాట తెలియలేదు, పని తెలిసినది. మోకాటిలోతు నీటిలో నిలిచి, దీపమును మెల్లగా నీటిమీద నుంచెను. అది కొంతదూరము సుడిలో తిరిగి, పిమ్మట సముద్రమువైపు సాగెను.

మేము ఇంటికి వచ్చునప్పటికి అన్నగారు వాకిట చాప పఱచి కూర్చుండియుండిరి. వారి ముందు క్రొత్త కాగితము. పాత చెట్టు బొమ్మను దానిమీద మరల గీచి, ముత్తాతగారి ప్రక్కన ఇద్దరు తోబుట్టువులకును కొమ్మలు పెట్టియుండిరి. చిన్న చెల్లెలి పేరును ఆ పిల్లచేతనే వ్రాయించిరి. ఆ తరువాత ప్రతి తరములోను విడిచిన ఆడపిల్లల పేర్లు ఒక్కొక్కటిగా మా మేనత్తగారు చెప్పుచుండగా అన్నగారు వ్రాసిరి. కాగితము చాలలేదు. మఱి మూడు కాగితములు అంటింపవలసివచ్చెను. మా కుమార్తె పేరు నాల్గవ కాగితము అంచున నున్నది. ఎనిమిదేండ్లనాడు ఆమె అడిగిన ప్రశ్నకు నిజమైన బదులు అదియే.

సముద్రము దాటిన ఆ యమ్మ పేరేమని మీరడుగుదురు. అది మా రెండిండ్ల గోడలమీద నున్నది. ఇచ్చట మాత్రము వ్రాయను. ఆమె సంతతివారు డర్బన్‌లో నూరుమందికి పైగా నున్నారు. వారందరి యనుమతి నేను పొందలేదు. ఒకరి రక్తములోని వ్రాత ఆ యొకరిదే కాదు. తోబుట్టువులది, బిడ్డలది, పుట్టబోవువారిది కూడ. దానిని చదువుటకు ముందును, చదివి చెప్పుటకు ముందును, అనుమతి యడుగుట మర్యాద.

విద్యార్థులారా! ఈ పరీక్ష మీరు చేయించుకొననక్కరలేదు. అంతకంటె ముందు చేయదగిన పని యొకటి కలదు. మీ యింట మిక్కిలి వృద్ధులెవరో చూడుడు. వారిప్రక్కన కూర్చుండి, వారి అమ్మ పేరు, అమ్మమ్మ పేరు, మేనత్తల పేర్లు అడిగి వ్రాసికొనుడు. "ఆమె మాట ఎత్తవద్దు" అని యెవరైన అన్నచో, అప్పుడే తొందరపడి యడుగవద్దు. ఆ తావును ఖాళీగా నుంచుడు. సంఖ్య చెప్పినదానిని కాగితముతోను, కాగితము చెప్పినదానిని పెద్దల జ్ఞప్తితోను సరిచూడక యెవరిపైనను తీర్పు చెప్పవద్దు. రక్తము ఎవరిని మఱువదు. కాని దానికి పేర్లు చెప్పుట రాదు. పేర్లు చెప్పగలవారు మన యిండ్ల వాకిళ్లలో, అడుగువారికై యెదురుచూచుచు కూర్చుండియున్నారు.